ఎడమవైపు పిడులు

మా మరదలిని ఊళ్ళో చాలామంది వెనకనుంచే ఎరుగుదురు. పైపు ఆర్గాన్ వాయించేవాళ్ళు జనానికి వీపు పెట్టి కూర్చోవాలి. నలభై ఏళ్ళకు పైగా కచేరీలు చేసినా, బజారులో ఎదురుపడి ఆమెను పోల్చుకున్నవాళ్ళు తక్కువ. బంగాళాదుంపలు ఏరుకుంటూ అటు తిరిగితే మాత్రం, "అయ్యో, మీరా!" అని దణ్ణం పెడతారు.

నేను వడ్రంగిని. తలుపులు, బల్లలు, కిటికీలు నా పని. సంగీతం నా పని కాదు.

నాకు పెళ్ళయిన ఏడాది మా ఆవిడ చెల్లెలికి పదహారేళ్ళు. ఆర్గాన్‌ను చేతులతోనే కాదు, కాళ్ళతోనూ వాయించాలి. కింద పెద్ద పెద్ద చెక్క పలకలు ఉంటాయి. ఇంట్లో అవి లేక, అన్నం తినే బల్ల కింద నేల మీదే తపతపా కాళ్ళు కొట్టి సాధన చేసేది. కింది వాటావాళ్ళు రోజూ పైకొచ్చి పోట్లాడేవారు. వినీ వినీ విసుగొచ్చి, కొట్లో మిగిలిన చెక్కతో ముప్పై పలకలు చేసి, కింద దళసరి గుడ్డ అంటించి పట్టుకెళ్ళాను. నొక్కితే చప్పుడు రాదు. మా మరదలు వాటి మీద కాళ్ళు ఆడించి చూసి, "బావా, నువ్వు మాట్లాడవు గానీ పనికొస్తావు" అంది.

అప్పటినుంచీ పనికొస్తూనే ఉన్నాను.

పంతొమ్మిదో ఏట మొదటి కచేరీ. పక్కన కూర్చుని పిడులు లాగాల్సిన స్నేహితురాలు జనాన్ని చూసి కళ్ళు తిరిగి పడిపోయింది. మా మరదలు నేరుగా మా వరసలోకి వచ్చి నా చొక్కా పట్టుకుంది.

"బావా, అంకెలొచ్చా?"

"ఇరవై దాకా."

"ఇరవై ఒకటి ఉన్నాయి."

"ఒకటేగా. నేర్చుకుంటాలే."

ఆ పిడుల సంగతి చెప్పాలి. ఆర్గాన్‌లో వేల గొట్టాలుంటాయి. తాటిచెట్టంత పొడుగువీ ఉంటాయి, పెన్సిలంతవీ ఉంటాయి. ఒక్కో వరస గొట్టాలది ఒక్కో గొంతు. వాయించే బల్లకు అటూ ఇటూ గుండ్రటి కొయ్య పిడులుంటాయి. ఏ పిడి లాగితే ఆ వరసకు గాలి వెళ్తుంది. తోస్తే ఆగిపోతుంది. పాట మధ్యలో వాటిని మార్చాలి. చేతులు రెండూ వేళ్ళతో నొక్కే మెట్ల మీద ఉంటాయి కాబట్టి పక్కన ఇంకో మనిషి కావాలి. ఎడమవైపు ఇరవై ఒక్క పిడులు నావి. కుడివైపువి తనే అందుకుంటుంది. స్వరాల పుస్తకంలో ఎక్కడ ఏ పిడి లాగాలో అంకె వేసి పెడుతుంది. ఆ చోటు రాగానే గడ్డం కొంచెం ఊపుతుంది. నేను లాగుతాను. స్వరాలు నాకు ఇప్పటికీ చీమల బారులాగే కనిపిస్తాయి. అంకెలు మాత్రం తప్పలేదు.

అలా నేను ఆమె వెంట రైళ్ళెక్కాను, పడవలెక్కాను. సంగీతమే తెలియని నన్ను ఎక్కడెక్కడి హాళ్ళకో తిప్పింది. కోటు కొనిపించింది. ఒకచోట నన్ను ఆమె భర్త అనుకుని ఎవరో పూలగుత్తి ఇచ్చారు. "ఈయన మా అక్క మొగుడండీ. నాకు ఇంతకన్నా మాట్లాడేవాడు కావాలి" అంది. వాళ్ళు నవ్వారు. ఆ మాట్లాడేవాడు ఆమెకు దొరకలేదు. వెతికే తీరికా ఉండేది కాదు. పొద్దున సాధన, మధ్యాహ్నం సంగీత పాఠశాలలో పాఠాలు, వారానికో కచేరీ.

పాఠం చెప్పడంలో ఆమెకో పద్ధతి ఉంది. పెద్ద హాల్లో గొట్టాలు ఎక్కడో పైన ఉంటాయి. మెట్టు నొక్కాక చప్పుడు చెవికి చేరేసరికి కాస్త ఆలస్యం. చప్పుడు కోసం కాచుకున్న పిల్లలు అంతకంతకూ వెనకబడి, పాట సగానికి వచ్చేసరికి నిద్రలో నడుస్తున్నట్టు వాయిస్తారు. అందుకని మా మరదలు, "వినకు! వాయించు!" అని కేకలేసేది. సంగీతం చెప్పే మనిషి పిల్లలను వినొద్దనడం ఇంకెక్కడా చూడలేదు. ఆ కేకలతో పెరిగినవాళ్ళే ఇవాళ నాలుగు హాళ్ళలో వాయిస్తున్నారు.

ఇక జరిగిన సంగతి.

రెండేళ్ళ కిందట శ్రుతి చేసే మేస్త్రి వచ్చాడు. అతను నిచ్చెనెక్కి గొట్టాల మధ్య దూరతాడు. కింద ఒకరు మెట్టు నొక్కి పట్టుకోవాలి. ఆ రోజు మా మరదలే నొక్కింది. ఇరవై ఒకటో పిడి లాగి ఉంది. అన్నిటికన్నా సన్నటి గొట్టాలవి. పొడుగ్గా, సన్నగా, సూదిలా వస్తుంది చప్పుడు.

"మేస్త్రీ, ఇది పలకటం లేదు. గాలి రావటం లేదేమో చూడు" అంది తను.

పైనుంచి మేస్త్రి తల బయట పెట్టాడు. "పలకకపోవడమేంటమ్మా! నా చెవులు చిల్లులు పడుతున్నాయి."

తను నావైపు చూసింది. నా చెవిలోనూ అది రంపం పెట్టి కోస్తోంది.

"బూజు" అన్నాను.

"అదీ సంగతి. బూజు దులపవయ్యా మేస్త్రీ" అంది. మేస్త్రి నా ముఖం చూసి మళ్ళీ లోపల దూరాడు. తెలివైనవాడు.

ఆ నెల నుంచీ పుస్తకంలో ఎర్ర పెన్సిలు అంకెలు పెరిగాయి. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. మూడూ సన్నటి గొంతులే. తనకు పైన ఏదో తక్కువైనట్టు అనిపించి, ఆ మూడూ ప్రతి పాటలోనూ వేసుకుంది. మెల్లటి పాటలో కూడా. ఆ ఎర్ర అంకెలతో చేసిన మొదటి కచేరీలో తను గడ్డం ఊపింది, నేను లాగాను. ముందు వరసలో పసిపాప గుక్కపట్టి ఏడ్చింది. ఒక పెద్దమనిషి చెవి మెషీను పీకి జేబులో వేసుకున్నాడు. నేను మెల్లగా మూడూ లోపలికి తోసేశాను. తనకు తెలియలేదు. వాయించుకుపోతోంది, ముఖం మీద చిరునవ్వుతో.

ఆ తరవాత గడ్డం ఊపినప్పుడల్లా ఆ మూడు పిడుల మీద చెయ్యి వేసేవాణ్ణి. వేసి ఊరుకునేవాణ్ణి.

వడ్రంగం మొత్తం మీద ఇంత తేలిక పని నేను చెయ్యలేదు.

దాని ఫలితం మాత్రం నేననుకున్నది కాదు. పేపరులో సంగీతం గురించి రాసే ఒకాయన, 'వయసుతో ఆమె వాద్యం తేనెలా పండింది, ఆర్భాటం వదిలి లోతుకు వెళ్ళింది' అని రాశాడు. మా మరదలు ఆ ముక్క కత్తిరించి గోడకు అంటించింది. వచ్చినవాళ్ళందరికీ చూపించింది. మా ఇంటికొచ్చి బల్ల మీద వేళ్ళు పరిచి, "చూడక్కా, పండాయి" అంది. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసింది. నేను కిటికీలోంచి వీధి చూశాను.

రెండేళ్ళు అలా గడిచాయి, ఇంకా గడిచేవే. పిచ్చుక వచ్చి చెడగొట్టింది.

పిచ్చుక మా మరదలి శిష్యురాలు. మనిషి చిన్నది కాబట్టి ఆ పేరు. ఇరవై నాలుగేళ్ళొచ్చినా కాళ్ళు పలకలకు అందేవి కావు. దాని కోసం బెంచీ కాళ్ళు రెండంగుళాలు కోశాను. దాంతో మా మరదలి మోకాళ్ళు బల్లకు తగిలాయి. కోసిన ముక్కలు మళ్ళీ కింద పెట్టుకునే ఏర్పాటు చెయ్యాల్సి వచ్చింది. బక్కపిల్ల అయినా వాయిస్తే హాలు కదిలేది. ఏటి అవతల కొత్త హాలు కట్టారు. అక్కడ ఆర్గాన్ వాయించే ఉద్యోగానికి శనివారం పరీక్ష. అక్కడి పిడులూ ఇదే వరసలో ఉన్నా, లాగే మనిషి ఉండడు. పుస్తకంలో ఉన్న అంకెల ప్రకారం ముందే బొత్తాలకు ఎక్కించి పెడతారట. బొత్తం నొక్కితే పిడులు వాటంతట అవే కదులుతాయట. మా మరదలు తన పాటలే, తన పుస్తకమే దానికిచ్చి తయారుచేస్తోంది.

సోమవారం పొద్దున నేను హాల్లో బెంచీ బిగిస్తుంటే పిచ్చుక వచ్చి పక్కన కింద కూర్చుంది.

"తాతగారూ, ఒకటి అడుగుతాను. నిజం చెప్తారా?"

"ఊఁ."

"నా చేతుల్లో లోపముంది కదూ?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనరు. అదే ఏడుపు. టీచరుగారి పాటే, అవే పిడులు. ఆవిడ అంకెలు ఒక్కటి పొల్లుపోకుండా నేనే చెయ్యి చాపి లాగుకుంటున్నాను. ఆవిడ వాయిస్తే జనం కళ్ళు మూసుకుంటారు. నేను వాయిస్తే చెవులు మూసుకుంటున్నారు. నిన్న నేను మొదలుపెట్టగానే గుమాస్తాగారు లేచెళ్ళి ఆఫీసు తలుపు వేసుకున్నారు. ఊడ్చే ఆవిడ తలకు గుడ్డ కట్టుకుంది."

నేను మరను బిగిస్తూనే ఉన్నాను. అది ఎప్పుడో బిగిసిపోయింది.

"టీచరేమంటోంది?"

"'అద్భుతం, ఏమీ మార్చకు' అంటారు. జాలిపడి అంటున్నారు తాతగారూ. అంత పెద్దావిడకు వినపడదా ఏంటి? మూడు నెలల నుంచీ వేళ్ళు మెత్తగా వేస్తున్నాను. మెత్తగా వేసినా గట్టిగా వేసినా ఆర్గాన్‌కు ఒకటేనని నాకూ తెలుసు. అయినా వేస్తున్నాను. ఇంకేం చెయ్యను? ఇందాకే గుమాస్తాగారికి ఉత్తరం ఇచ్చేశాను, శనివారం పరీక్షకు నన్ను పంపొద్దని. మేనేజరుగారు బుధవారం వచ్చాక అవతలికి పంపిస్తారట."

"ఎందుకిచ్చావు?"

"నాకు చేతకాదు తాతగారూ. మా అన్నయ్య కొట్లో కూర్చుంటాను. గుడ్డలు కొలవడానికి చేతులు బాగానే పనికొస్తాయి."

పిల్ల కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. చేతుల్లో ఏ లోపమూ లేదు. లోపం నా చేతుల్లో ఉంది.

ఇంటికెళ్ళి మా ఆవిడతో చెప్పాను. మా ఆవిడ కుట్టుమిషన్ ఆపింది.

"రెండేళ్ళా?"

"ఊఁ."

"నాకు కూడా చెప్పకుండానా?"

"ఊఁ."

"ఊఁ అంట ఊఁ! మీరు మూగనోము పట్టారని మురిసిపోయాను గానీ లోపల ఇంత ఉందా! వెళ్ళి చెప్పండి దానికి."

"నువ్వు చెప్పకూడదూ?"

"నేనా? పిడులు లాగనిది నేనా, మీరా?"

"దాని మనసు విరుగుతుంది."

"ఇప్పుడు ఆ పిల్లది విరుగుతోంది. చూసుకోండి, ఎవరిది విరగ్గొడతారో" అని మళ్ళీ మిషన్ తొక్కింది.

మంగళవారం పొద్దున్నే మా మరదలి ఇంటికెళ్ళాను. కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతోంది. ఎదురుగా గోడ మీద ఆ పేపరు ముక్క.

"కూర్చో బావా. ఏం, చెక్క తెగిందా, ఉలి విరిగిందా?"

"నీతో మాట్లాడాలి."

కప్పు కింద పెట్టేసింది. "అక్కకు బాగానే ఉందిగా? నువ్వు మాట్లాడాలన్నావంటే ఇల్లు తగలబడి ఉండాలి."

దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ఒక్కటీ నోటికి రాలేదు.

"పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి" అన్నాను. "రెండేళ్ళ నుంచీ లాగటం లేదు."

తను నవ్వింది. "వయసు మీద పడింది బావా నీకు. ప్రతి పాటలో లాగావు. నేను చూశాను."

"చెయ్యి వేశాను. లాగలేదు."

"లాగకపోతే నాకు తెలియదా?"

తను నా ముఖం చూసింది. లేచి, ఆర్గాన్‌కని దాచుకున్న పలచటి బూట్ల సంచీ కూడా తీసుకోకుండా మెట్లు దిగింది.

హాల్లో ఎవరూ లేరు. తను బల్ల ముందు కూర్చుంది. "పైమెట్టు నొక్కి పట్టుకుంటాను. కళ్ళు మూసుకుంటాను. నువ్వు ఇరవై ఒకటి ఇష్టమొచ్చినప్పుడు లాగు, ఇష్టమొచ్చినప్పుడు తొయ్యి. ఉందో లేదో నేను చెప్తాను" అంది.

లాగాను. చప్పుడు గోడలకు తగిలి గుచ్చుకుంది.

"లేదు" అంది.

తోశాను. "ఇప్పుడొచ్చింది" అంది.

పదిసార్లు చేశాం. మూడు సరిగ్గా చెప్పింది. పదిసార్లు అయ్యాక కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఎన్ని?"

"మూడు."

"మాట వరసకైనా అయిదు అనకూడదూ?"

"ఇప్పటిదాకా మాట వరసకే గడిపాను."

మెట్ల మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మరి పేపరాయన రాసింది?" అంది.

నేను జేబుగుడ్డ తీసి ఇరవై ఒకటో పిడి తుడిచాను.

"చెప్పు. ఆ తేనె ఎవరిది?"

"నాదే అనుకుంటా."

"రేపే ఆ ముక్క పీకి నీ కొట్లో అంటించుకో. ఉలుల పక్కన" అంది. ఆ మాటకు నేను నవ్వాను. తను నవ్వలేదు. "చెవి పోయిందని కాదు బావా. వయసొచ్చింది, పోతుంది. నా పక్కన కూర్చున్నవాడు, నేను లాగమన్నది లాగలేదు. లాగినట్టు చెయ్యి వేశాడు. ఎన్ని కచేరీలు! నేను ఒకటి వాయించానని అనుకుంటున్నాను, వాళ్ళు ఇంకొకటి విన్నారు."

నాది తప్పేనని ఒకటికి రెండుసార్లు అన్నాను.

"రెండేళ్ళు దాచినవాడివి, ఇవాళ ఎందుకు చెప్పావు? ఎవరైనా చూశారా?"

అప్పుడు పిచ్చుక సంగతి చెప్పాను. అద్భుతమంటే జాలి అనుకుంటోందనీ, వేళ్ళు మెత్తగా వేస్తోందనీ, ఉత్తరం ఇచ్చిందనీ. తను సగం విని లేచింది.

హాలు గుమాస్తా మంచివాడే గానీ కాగితం చేతిలో పడితే దాన్ని దేవుడు దిగొచ్చినా వదలడు.

"అమ్మా, అది మేనేజరుగారికి రాసినది. సొరుగులో పెట్టేశాను. ఇవ్వకూడదు."

"నిన్న పిల్ల వాయిస్తుంటే తలుపెందుకు వేసుకున్నావయ్యా?"

గుమాస్తా నావైపు చూశాడు. నేను కప్పు వైపు చూశాను.

"గాలి... గాలి వస్తోందనండీ."

"గాలా? మా బావకేమో బూజు, నీకేమో గాలి. ఈ హాల్లో మగాళ్ళెవరికీ నిజం నోట రాదా? నా చెవి పోయిందయ్యా. పై సగం వినపడటం లేదు. నేను తప్పు అంకెలు వేసిచ్చాను, ఆ పిల్ల దాన్నే నమ్ముకుని వాయించింది. అందుకని ఉత్తరం రాసింది. ఇంకా చెప్పాలా, ఆ సొరుగు తీస్తావా?"

సొరుగు తెరుచుకుంది.

పిచ్చుక వాళ్ళ అన్నగారి బట్టల కొట్లో ఉంది. నిజంగానే గుడ్డ కొలుస్తోంది. మా మరదలు కొట్లోకి వెళ్ళి, ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి కొలబద్ద పక్కన పెట్టింది. తరవాత ఆ మాట చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఒక తాను పట్టుకుంది, వదిలింది. ఇంకోటి పట్టుకుంది.

"నీ చేతులు బాగున్నాయే. నా చెవి బాగాలేదు. నేను జాలిపడలేదు, నాకు వినపడలేదు."

పిల్లకు అర్థం కాలేదు. "మీరు వాయించినప్పుడు బాగానే ఉంటుంది కదా టీచరుగారూ?"

"అది ఈయన్ని అడుగు. తేనె వ్యాపారం ఈయనది."

నేను చెప్పాను. ఒకే రోజు ఇన్నిసార్లు ఇంత మాట్లాడటం నా జన్మలో అదే. పిచ్చుక నోరు తెరుచుకుని విని, ముందు కోపమే తెచ్చుకుంది. "మూడు నెలలు తాతగారూ! మూడు నెలలు వేళ్ళు మెత్తగా వేశాను!" అని కొలబద్దతో బల్ల మీద ఒక్కటి వేసింది. బల్ల నేను చేసిందే. తట్టుకుంది.

బుధవారం మా మరదలు చెవుల డాక్టరు దగ్గరికెళ్ళి వచ్చింది. మాటలు బాగానే వినపడతాయి, సన్నటి చప్పుళ్ళు మాత్రం పోయాయి, తిరిగి రావు అన్నాడట. "మాటలు బాగానే వినపడతాయంట. కాబట్టి బావా, మాట్లాడు" అంది.

ఆ మధ్యాహ్నం నుంచి శుక్రవారం సాయంత్రం దాకా నన్ను హాలు నడిమధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. పిచ్చుక వాయిస్తుంది. మా మరదలు పుస్తకం పట్టుకుని నా పక్కన నిలబడుతుంది. ఎలా ఉందో నేను చెప్పాలి.

"బాగుంది" అన్నాను మొదట.

"బాగుందంటే ఏంటి? కిటికీ బాగుందంటే చేస్తావా? కొలత చెప్పు."

నాకు తెలిసిన కొలతల్లోనే చెప్పాను. ఇది చిత్రిక పట్టినట్టుంది. ఇది ఆకురాయితో గీకినట్టుంది. ఇక్కడ రెండు చెక్కలు అతకలేదు, సందు కనపడుతోంది. ఇది పచ్చి కలపలా ఉంది, ఇంకా ఆరాలి. మా మరదలు మొదట విసుక్కుంది. మర్నాటికి తనే, "ఇక్కడ సందు పూడ్చవే పిచ్చుకా. ఆయన చెక్క పగులుతుందిట" అనడం మొదలుపెట్టింది. ఆ రెండున్నర రోజుల్లో ఒక్కసారి మాత్రం కుర్చీ వెనక్కి వెళ్ళి, గోడకు ఆనుకుని, ముఖం తుడుచుకుని వచ్చింది. మేమిద్దరం చూడనట్టున్నాం.

పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి కనపడ్డ ప్రతిచోటా కొట్టెయ్యమంది. నా చెవి వెనకున్న పెన్సిలు తీసి నేనే కొట్టేశాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, ఒక్కటి మిగలకుండా.

శనివారం ముగ్గురం ఏరు దాటాం. కొత్త హాల్లో ఇంకా రంగు వాసన పోలేదు. తలుపులు సరిగ్గా పడలేదు, చూడగానే తెలిసింది. పరీక్ష చేసేవాళ్ళు నలుగురు ముందు వరసలో కూర్చున్నారు. పిచ్చుక వంతు మూడోది. మా మరదలూ నేనూ చివరి వరసలో కూర్చున్నాం.

నాకు ఒకటి విచిత్రంగా అనిపించింది. పిచ్చుక వాయిస్తుంటే మా మరదలు అటు చూడటం లేదు. నా ముఖం చూస్తోంది. పైనున్న సన్నటి గొంతులు తనకు అక్కడే వినపడాలి మరి. నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఏమైంది?" అంది మెల్లగా.

"ముక్కు దురద."

"గోక్కో. నన్ను చంపకు."

మొదటి పాట నున్నగా వెళ్ళింది. రెండోది ఇంకా బాగా వెళ్ళింది. చివరి పాట పెద్దది. మెట్లు మెట్లుగా ఎక్కుతూ పోతుంది. చివర్లో అన్ని గొట్టాలూ కలిసి ఒక్కసారి పలుకుతాయి. ఆ చోటికి వచ్చేసరికి పిచ్చుక బొత్తం నొక్కి, ఎడమ చెయ్యి చాపి ఒక పిడి లాగింది. దూరం నుంచి కూడా నాకు తెలిసింది అది ఏదో.

నా వెన్ను నిలబడిపోయింది. ముంజేతుల మీద వెంట్రుకలు లేచాయి.

"ఏంటి బావా? చెప్పు, ఏంటి?"

"ఇరవై ఒకటి."

"కొట్టేశాం కదా! లాగిందా? పాడు చేసిందా?" నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలనుకున్నాను. కాసేపు విన్నాను. కింద పెద్ద గొట్టాలు ఇంటి పునాదిలా ఉన్నాయి. ఆ పైన సన్నగా, అన్నిటి మీదుగా, అది వెళ్తోంది. కొయ్యటం లేదు.

"పాడు కాలేదు" అన్నాను. "ఇన్నాళ్ళూ కప్పు వెయ్యని ఇల్లు విన్నాం. ఇప్పుడు వేసింది."

తను మోచెయ్యి వదల్లేదు.

నలుగురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. మిగతా ఇద్దరి వాయిద్యం కూడా అయ్యాక ఉద్యోగం పిచ్చుకకే అని చెప్పారు. పిల్ల పరుగెత్తుకొచ్చి మా మరదలి కాళ్ళ దగ్గర ఆగి, ఏడవాలో నవ్వాలో తెలియక బూట్ల ముడి విప్పుకుంటూ కూర్చుంది.

"అది తరవాత. ఇరవై ఒకటి ఎవరు లాగమన్నారు నిన్ను?" అంది మా మరదలు.

"మీరే టీచరుగారూ."

"నేనెప్పుడన్నాను?"

పిచ్చుక పుస్తకం తెరిచి చివరి పేజీ చూపించింది. నా పెన్సిలు గీత కింద ఇరవై ఒకటి ఉంది. ఎర్ర పెన్సిలు కాదు. నీలం సిరా, వెలిసిపోయి ఉంది. పక్కన అప్పటి ఏడాది వేసి ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందటిది.

"ఇది మీ చెవి బాగున్నప్పుడు వేసుకున్నది కదా. తాతగారు ఎర్రవాటితో పాటు దీన్ని కూడా కొట్టేశారు. నిన్న బొత్తాలకు ఎక్కించాల్సిన అంకెలు ఇచ్చేసి ఇంటికెళ్ళాక చూశాను. అడిగితే ఇద్దరూ పోట్లాడుకుంటారని అడగలేదు."

మా మరదలు ఆ నీలం అంకె మీద వేలు పెట్టి చూసింది. తరవాత నావైపు తిరిగింది.

"అయితే ఈ రెండేళ్ళూ చివర్లో ఇది కూడా లాగలేదన్నమాట."

"లాగలేదు."

"కప్పు లేకుండా వాయించానన్నమాట."

"ఊఁ."

"ఎర్రది, నీలంది తేడా తెలియదూ నీకు? వడ్రంగివి కదా, పాత చెక్క ఏదో కొత్త చెక్క ఏదో చూడవద్దూ?"

"అంకె చూశాను. రంగు చూడలేదు."

"అంకెలు ఇరవై ఒకటి దాకా నేర్పినందుకు నాకే శాస్తి జరగాలి" అంది. ఈసారి నవ్వింది. పిచ్చుక కూడా నవ్వింది. తలుపు దగ్గర నిలబడ్డ కాపలా మనిషి మా వైపు వింతగా చూశాడు.

తిరిగి వచ్చేటప్పుడు వంతెన మీద గాలి గట్టిగా ఉంది. పిచ్చుక వాళ్ళ అన్నకు చెప్పాలని ముందుకు పరుగెత్తింది. మేమిద్దరం మెల్లగా నడిచాం.

"వచ్చే నెల నా కచేరీ ఉంది" అంది మా మరదలు. "నా పక్కన కూర్చుంటావా?"

"రమ్మంటే."

"నేను లాగమంటే లాగుతావా?"

"లాగుతాను."

"చెవులు చిల్లులు పడినా?"

"ముందే చెప్తాను, పడతాయని."

"చెప్పినా వినకుండా లాగమంటే?"

కాస్త ఆలోచించాను. ఈ మాట తేల్చకుండా వంతెన దిగనివ్వదని తెలుసు.

"లాగుతాను" అన్నాను. "కచేరీ నీది."

"అదీ" అంది. నాలుగడుగులు వేశాక మళ్ళీ ఆగింది. "ఆ పెన్సిలు ఇలా ఇవ్వు. రబ్బరు కూడా కొనాలి. రేపు పొద్దున్నే వచ్చెయ్యి బావా, నువ్వు కొట్టేసినవాటిలో ఇంకెన్ని నీలంవి ఉన్నాయో చూడాలి."